పదిహేడో నంబరు మిషను

పదిహేడో నంబరు కుట్టుమిషను రోజూ సాయంత్రం నాలుగుంబావుకే ఆగేది.

"మళ్ళీ ఏమైందండీ?" అన్నాను నాలుగో రోజు.

"మెకానిక్కు మీరా, నేనా?" కుడుతున్న కాలరు పక్కన పెట్టి లేచిందావిడ. "చూసి పెట్టండి, ఇప్పుడే వస్తా."

మా ఫ్యాక్టరీలో మిషను ఆగితే తప్ప కుర్చీలోంచి లేవకూడదు. ఆవిడ మెట్ల వైపు పరుగెత్తింది. నేను వంగి చూశాను. సూది పట్టే స్క్రూ చుట్టున్నర వదులైంది. దాని గాడిలో కత్తెర మొన గీసిన కొత్త గీత.

ఒళ్ళు మండింది. అడిగేద్దామని మెట్ల దాకా వెళ్ళాను.

"గడియ పెట్టావా? పైది కూడా? ఏదీ, లాగి చూడు. ఆ చప్పుడు నాకు వినిపించు." ఫోను చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి ముఖం విప్పారింది. "నా బంగారమే! ఆరింటికల్లా వచ్చేస్తా."

భర్త పోయి నాలుగేళ్ళని, ఎనిమిదేళ్ళ కూతురు బడినుంచి ఒక్కతే వచ్చి తాళం తీసుకుని ఇంట్లో ఉంటుందని తర్వాత తెలిసింది. ఆ రోజుకి వెనక్కొచ్చి, స్క్రూ బిగించి, అక్కర్లేకపోయినా నూనె వేస్తూ కూర్చున్నాను.

"అయిందా?"

"పెద్ద రిపేరే. రేపూ ఆగేట్టుంది."

ఆవిడ నన్ను చూసింది, స్క్రూని చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

అలా నాలుగు నెలలు ఆగింది ఆ మిషను. ఫోను అయ్యాక ఆవిడ వచ్చి, పాపకి ఊడిన పన్ను గురించి చెప్పేది. నేను వినేవాణ్ణి, అప్పుడప్పుడూ ఓ మాట అనేవాణ్ణి.

"మన మౌనస్వామి అక్కడొక్కచోటే నోరు విప్పుతాడర్రా!" అని లైనంతా నవ్వేది.

ఒకరోజు సూపర్‌వైజరమ్మ పిలిచింది. "నీకు రిపేరు చేతకాదా? ఆ అమ్మాయి మిషను చెడగొడుతోందా? ఇద్దరిలో ఒకర్ని తీసేస్తా, చెప్పు."

చేతకాదంటే నా పని పోతుంది. నేను పోతే రెండో రోజే కొత్తవాడు ఆ గీత చూస్తాడు, ఆవిడ పనీ పోతుంది.

"మిషను బాగానే ఉందమ్మా. ఇంట్లో పాప ఒక్కతే, గడియ పెట్టుకుందో లేదో ఆవిడ తెలుసుకోవాలి. అందుకు పది నిమిషాలు."

 సూపర్‌వైజరమ్మ కిటికీలోంచి లైను వైపు చూసింది.

"మా వాడి చిన్నప్పుడు నేను బాత్రూములో దాక్కుని ఫోను చేసేదాన్ని" అంది. "రేపట్నుంచి నాలుగుంబావుకి లైనంతటికీ పది నిమిషాలు. భోజనం టైములో పది కోస్తా, ఊరికే ఇవ్వను."

మర్నాటినుంచి పదిహేడో నంబరు ఆగలేదు. వారం గడిచింది. నూనె డబ్బా పట్టుకుని మూల కూర్చున్నాను. మంచే చేశాను గానీ, మనసుకి ఏం తోచలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్న పదకొండింటికి ఆగింది.

వెళ్ళి చూశాను. స్క్రూ చుట్టున్నర వదులు.

"పాప బడిలో ఉంటుంది కదండీ?"

"ఉంటుంది." ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

"మరి?"

"మా ఇంటి పై గడియ సరిగ్గా పడట్లేదు. ఆ మెకానిక్కుని తీసుకురా అంటోంది మా అమ్మాయి. ఆదివారం వస్తారా?"

"ఒక్క ఆదివారంతో అవుతుందో లేదో."

ఆవిడ దారం ఎక్కిస్తూ తలొంచుకుని నవ్వింది.

"అయిపోయే రిపేరుకైతే మిమ్మల్నెందుకు పిలుస్తాను?"