ఎత్తిపెట్టిన రిసీవర్

శరణమ్మ చేతిలో ఫోన్ రిసీవర్ ఉంది. ప్రాణం లేదు.

మధ్యాహ్నం రెండున్నర. జహీరాబాద్‌లో గురులింగప్ప సేటు ఇల్లు. లోపలి గొళ్లెం విరగ్గొట్టి చూసేసరికి అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఉబ్బసం మనిషి. డాక్టర్ ఇల్లు రెండు వీధుల అవతలే. ఆయనకూ ఫోన్ ఉంది. ఆ పూట ఇల్లు కదల్లేదు. ఒక్క కాల్ వెళితే ఆమె బతికేది.

కాల్ వెళ్లలేదు.

ఎస్సై జగన్‌మోహన్ ఆమె వేళ్లు విడదీసి రిసీవర్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తాడు. ఎక్స్‌ఛేంజి వెంటనే పలికింది. ఫోన్‌లో ఏ లోపమూ లేదు.

"ఆపరేటర్ రామ్‌కిషన్ పండుకున్నడు సార్," అన్నాడు గురులింగప్ప. "నా ఇంటిదాన్ని వాడే సంపిండు. కేసు పెట్టున్రి."

సాయంత్రానికి బజారంతా అదే మాట. ఎక్స్‌ఛేంజి కిటికీ అద్దాలు పగిలాయి. రామ్‌కిషన్‌ను స్టేషన్‌లో కూర్చోబెట్టక తప్పలేదు. రేపో మాపో ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత జైలు.

"పండుకున్నవా?" అని అడిగాడు జగన్‌మోహన్.

"లేదు సార్. పిల్లల మీద ఒట్టు."

"సేటు ఇంటి నుంచి కాల్ వచ్చిందా?"

"పన్నెండున్నరకు బోర్డు మీద ఆ నంబర్ లైటు ఎలిగింది. ప్లగ్ పెట్టి అడిగిన. ఎవరు మాట్లాడలే."

"ఏమన్న ఇనపడ్డదా?"

"లాభం, రెండు, మూడు అని ఎవరో లెక్క పెడుతున్నరు. రిసీవర్ సరిగ్గ పెట్టలేదనుకొని ప్లగ్ తీసిన. ఆ లైను రోజు గిట్లనే ఉంటది సార్. మీరొచ్చేదాంక ఆ లైటు ఆరలేదు."

"తర్వాత ఆమె ఎత్తితే నీకు తెలువదా?"

"ముందే ఎలిగి ఉన్న లైటు మళ్ల ఎట్ల ఎలుగుతది సార్?"

ఈ మాట అతను పొద్దుగూకేలోపు నలుగురికి చెప్పాడు. నలుగురూ విని వదిలేశారు. జగన్‌మోహన్ వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే సేటు ఇంటికి వెళ్లాడు. ఫోన్ ఉన్న గదిలో మంచం, దేవుడి గూడు. గింజ ధాన్యం లేదు. ఒకటి అనకుండా లాభం అని లెక్క మొదలుపెట్టేది ధాన్యం తూచే కాంటా దగ్గరే. మరి ఈ గదిలో కాంటా ఎక్కడిది?

ఫోన్ డబ్బా పక్కన నల్ల టేపు చుట్టిన సన్నటి వైరు కనిపించింది. కిటికీలోంచి బయటికి పోయింది. పెంకుల మీదుగా వెనక గల్లీలోకి దిగింది. సేటు ధాన్యం కొనే అడ్తి దుకాణంలో ఆగింది.

వైరు కొస ఉంది. ఫోన్ లేదు. గోనెసంచుల వెనక దొరికింది.

"నేనే హైదరాబాద్‌ల పాతది కొన్న సార్," అన్నాడు గురులింగప్ప. "నేనే బిగిచ్చుకున్న. ఇంకోదానికి అర్జీ పెడితే ఏండ్లు పడుతది."

"నిన్న దాచినవెందుకు?"

"పర్మిషన్ లేదు."

"దాని రిసీవర్ తీసి పెట్టినవెందుకు?"

"రైతు కందులు తెచ్చి కూసున్నడు. అప్పుడే హైదరాబాద్ రేటు ఫోనొస్తే బేరం చెడుతది."

జగన్‌మోహన్ రామ్‌కిషన్‌ను పిలిపించాడు. కాంటా పట్టే మాణిక్‌ను నిలబెట్టాడు. వైరు కలిపించి, రిసీవర్ తీసి సేటు కూర్చునే పరుపు మీద పెట్టాడు. కానిస్టేబుల్ వీరన్నను ఇంటి ఫోన్ దగ్గరికి పంపాడు.

పరుపు మీది నుంచి వీరన్న గొంతు చిమ్మెట కూసినట్టు సన్నగా వచ్చింది.

"సార్, ఇనపడుతున్నదా?"

మాణిక్ తల దించుకున్నాడు.

"నిన్న గూడ గిట్లనే ఆవాజ్ వచ్చింది సార్. సేటు దిండు తీసి దాని మీద పెట్టిండు."

"ఆపరేటర్ నంబర్ అడుగుతున్నడనుకున్న," అన్నాడు గురులింగప్ప గబగబా.

"మాణిక్, నువ్విన్నది ఎవరి గొంతు?"

"ఆడమనిషిది సార్."

"రామ్‌కిషన్ మొగోడు, సేటు," అన్నాడు జగన్‌మోహన్.

గురులింగప్ప కాంటా పళ్లెం పట్టుకున్నాడు.

"ఇగో, ఇగో అన్నది. నన్ను ఎన్నడు పేరు పెట్టి పిలువలే. గొంతు గుర్తు పట్టిన సార్. బువ్వకు పిలుస్తున్నదనుకున్న. రోజు పిలుస్తది. రోజు దిండు పెడుత."

రామ్‌కిషన్ మొహం తిప్పుకున్నాడు.

"నువ్వు ఇంటికి పో," అన్నాడు అతనితో జగన్‌మోహన్. తర్వాత సేటు వైపు తిరిగాడు. "ఫోన్‌కు కేసు పడుతది. దిండుకు సెక్షన్ లేదు. ఉంటే బాగుండు."

వీరన్న తిరిగి వచ్చాడు. ఎస్సై రిసీవర్‌ను జాగాలో పెట్టాడు.

వెంటనే మోగింది. హైదరాబాద్ రేటు వచ్చే వేళ. గల్లీ అవతల, తెరిచిన ఇంటి కిటికీలోంచి రెండో ఫోన్ గంట కూడా వినిపిస్తోంది.

గురులింగప్ప చెయ్యి చాపలేదు. కిటికీ వైపే చూస్తున్నాడు.

రోజూ ముందు ఎత్తేది ఆమే.