కునుకు మీద నిషేధం

"చెప్పులేసుకో తల్లీ, ఆఫీసుకి ఆలస్యమవుతోంది" అంటూ ఆమె కూతురి ముందు కూలబడింది. మూడేళ్ళ బుజ్జమ్మ కాళ్ళు ముడుచుకుని కుర్చీని గట్టిగా వాటేసుకుంది.

"బడికి పోను. అక్కడ బజ్జోనివ్వరు."

గిన్నెలు తోముతున్న భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతను బస్సు డ్రైవరు. ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ.

"ఇవాళ్టికి ఇంట్లో ఉంచేద్దాం. నిద్రలో కూడా ఉలిక్కిపడుతోంది పిల్ల."

"మీరిలా వెనకేసుకొస్తేనే నెత్తికెక్కుతోంది. బడి వేళలో నిద్రేమిటండీ? ఆ రూలు రాసిందే నేను!"

అది నిజమే. విద్యాశాఖలో పసిపిల్లల బళ్ళ బాధ్యత ఆమెది. పెళ్ళికి ముందే రాసిన రూలది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్షరాలు, అంకెలు. మధ్యాహ్నం కునుకు కుదరదు. అప్పట్లో సొంత అక్క తన కొడుకు కోసం ఆఫీసుకొచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటే, "నీ గారాబానికి రూల్సు మారవక్కా" అని అందరి ముందూ పంపించేసింది. అక్క ఆ పిల్లాణ్ణి బడి మాన్పించింది. చెల్లెలి గడప తొక్కడం కూడా మానేసింది.

ఆ రోజు మీటింగు తొందరగా ముగియడంతో ఆమె మధ్యాహ్నమే బడికి వెళ్ళింది. తరగతి కిటికీ దగ్గర ఆగిపోయింది. పలక ముందు కూర్చున్న బుజ్జమ్మ తల వాలిపోతోంది. టీచరు తడిగుడ్డ తెచ్చి పిల్ల మొహం మీద రుద్దింది. బుజ్జమ్మ ఏడవలేదు. మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "పడుకోలేదు టీచర్, పడుకోలేదు" అంది.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"మనిషివేనా నువ్వు? పసిదాన్ని ఇలాగేనా లేపేది?"

టీచరు బెదరలేదు. "నన్ను కేకలేస్తారేం మేడమ్? నిద్రపోనివ్వొద్దని రాశారు. ఎలా ఆపాలో రాశారా? ఇంతమందికి నేనొక్కదాన్నే. ఒక్క పిల్ల కునికినా తనిఖీకొచ్చినవాళ్ళు నన్ను కడిగేస్తారు. రోజూ ఈ పని చేస్తూ ఇంటికెళ్ళి నా పిల్లల మొహం ఎలా చూస్తున్నాననుకున్నారు?"

ఆమె కూతుర్ని ఎత్తుకుంది. గేటు దాటేలోపే పిల్ల భుజం మీద నిద్రపోయింది.

మర్నాడు పొద్దున్నే పెద్దాఫీసరు గదికి వెళ్ళి రూలు మార్చాలని పట్టుబట్టింది. ఆయన నవ్వాడు.

"తల్లివయ్యాక మెత్తబడ్డావమ్మా. సొంత పిల్ల కోసం రూల్సు మారుస్తామా?"

"మెత్తబడలేదు సార్, ఒళ్ళు మండిపోతోంది! ఒక్క పిల్లనైనా ఎత్తుకోకుండా ఊళ్ళో పిల్లలందరికీ రూలు రాశాను. మీరు కళ్ళు మూసుకుని సంతకం పెట్టారు. మీ భోజనం తర్వాత ఈ గది తలుపు ఎందుకు మూసి ఉంటుందో ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ పసివాళ్ళకి మాత్రం తడిగుడ్డా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. చాలా రోజులు వాదనలు నడిచాయి. చివరికి మధ్యాహ్నం నిద్రకి ఒప్పుకున్నారు. తరగతికో ఆయా కావాలంటే మాత్రం తర్వాత చూద్దామన్నారు.

కొత్త రూలు బయటికొచ్చిన రోజు సాయంత్రం ఆమె అక్క ఇంటికి వెళ్ళింది. అక్క తలుపు తీసింది గానీ, లోపలికి రమ్మనలేదు.

"రూలు మార్పించానక్కా."

"విన్నాను. నీ పిల్లకి నొప్పి పుడితే గానీ నా కొడుకు ఏడుపు నీకు వినపడలేదా?"

"లేదక్కా" అంది ఆమె. "వినపడలేదు. వాణ్ణి గారాబం పిల్లాడన్నాను. నిన్ను చేతకాని తల్లివన్నట్టు చూశాను."

"వాడు బడి పేరెత్తితే మంచం కిందికి దూరేవాడే! నువ్వేమో రూలు, రూలు అంటూ..." అక్క కోపంగానే మొదలుపెట్టి, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇద్దరూ గడపకి చెరోవైపు నిలబడి ఏడ్చారు.

కాసేపటికి అక్క పక్కకి జరిగి దారిచ్చింది.

"ఆయాల సంగతి అడగడానికి మళ్ళీ ఎప్పుడెళ్తున్నావు?"

"రేపే."

"నేనూ వస్తాను. ఆ రోజు నన్ను మధ్యలోనే పంపించేశావుగా. నేననాల్సింది ఇంకా చాలా ఉంది."