ఎడమ చేతి మీద పాన్‌కేక్

ఉదయం ఏడైంది. ఫిల్మ్‌నగర్‌లోని రెండు గదుల ఇంట్లో వీరరాఘవయ్య మేకప్ పెట్టె సర్దుకుంటూ, ఎడమ చేతి వెనక కాస్త పాన్‌కేక్ రంగు పూసుకున్నాడు. మేకప్‌మ్యాన్ చేతికి రంగుంటే ఎవరడుగుతారు?

ముప్పై ఏళ్లుగా ఆయనదొక నియమం. మీసాలతికించే గమ్ము కొత్త సీసా విప్పితే ముందు తన చేతి మీదే రాసి, ఆరాక ఊడబెరికి చూసేవాడు. మండితే సీసా పారేసేవాడు. హీరోల బుగ్గలు నిగనిగలాడాయి. ఆయన చేతి మీద మాత్రం ఎనిమిది నెలలుగా మానని పుండు. అది బయటపడితే ఏ నటీ ఆ చెయ్యి ముఖం మీద వేయనివ్వదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి ఇంకో పని ఎవరిస్తారు?

"నాన్నా, చెయ్యి ఇలా ఇవ్వు," అంది కూతురు నాగేశ్వరి. తార్నాక వైపు ఒక పరిశోధనశాలలో చర్మ కణాల మీద పరిశోధన చేస్తోంది.

"జాతకం చెబుతావా?"

"రంగు కిందనుంచి రక్తం కారుతోంది."

"ఎలకల తోళ్లు చూసుకునేదానివి, మనుషుల తోళ్లు నీకెందుకే? పెళ్లి మాటెత్తితే మైక్రోస్కోపు అంటావు!"

వంటింట్లోంచి సత్యలక్ష్మి కొబ్బరినూనె గిన్నెతో వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. "పెళ్లాం దగ్గర కూడా మేకప్పేనటండీ?" అంటూ తుడిచింది. గట్టిపడిన అంచులతో పుండు బయటపడింది. ఆమె గిన్నె పక్కన పెట్టి, ఆ చెయ్యి కూతురి ముందుకు జరిపింది.

నాగేశ్వరి నెమ్మదిగా చెప్పింది. "గాయమైతే చుట్టూ ఉన్న కణాలకి 'పెరగండి' అని కబురొస్తుంది నాన్నా. కణం మీదుండే గ్రాహకాలు దాన్ని అందుకుని లోపలికి చేరవేస్తాయి. కణం రెండవుతుంది. గాయం మూసుకున్నాక 'చాలు' అని ఇంకో కబురు. ఒక్కోసారి ఒక కణంలో ఈ కబుర్ల దారే చెడిపోతుంది. ఇక ఎవరూ చెప్పకపోయినా పెరుగుతుంది. చాలన్నా వినదు."

"డైరెక్టరు కట్ చెప్పినా ఆగని నటుడన్నమాట. అలాంటివాళ్లని చూశాలే."

నవ్వబోయిన నాగేశ్వరికి ఏడుపొచ్చింది. "పక్కవాళ్ల జాగాలోకీ జొరబడతాడు నాన్నా. ముప్పై ఏళ్లు గాయం మీద గాయం చేసుకున్నావు. కారణం అదొక్కటేనని చెప్పలేను. కానీ ముక్క తీసి పరీక్షించాలి, ఇవాళే."

"ఊళ్లో తెలిస్తే నన్ను సెట్ గేటు దాటనిస్తారా?" ఆయన అరిచాడు. "నీకు అన్నం పెట్టింది ఈ చెయ్యే!"

"అందుకే, ఆ చెయ్యి నాకు కావాలి."

వీరరాఘవయ్య పెట్టె కింద పెట్టేశాడు.

అది కేన్సరే. పుండు కోసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. కోసిన చోట అంచుల్లో చెడ్డ కణం ఒక్కటీ మిగల్లేదని రిపోర్టు వచ్చింది. నాగేశ్వరి దాన్ని మూడుసార్లు చదివింది.

మూడు నెలల తర్వాత జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. కూతుర్ని తోడు తీసుకుని వెళ్లాడు. ప్రొడక్షన్ మేనేజర్ జంగయ్య అడ్డం నిలబడ్డాడు.

"రాఘవయ్య సాబ్, జర ఆగు. నీ బీమారి అంటుకుంటదని అమ్మగారు ఫికర్ పడుతుండ్రు. నేనేం జేస్త చెప్పు?"

నాగేశ్వరి నోరు తెరిచేలోపే వీరరాఘవయ్య అతన్ని తప్పించుకుని లోపలికి నడిచాడు. అమ్మ పాత్రలు వేసే బాలాత్రిపురసుందరి అద్దం ముందు కూర్చుని ఉంది. ఆయన పైపూత లేని ఎడమ చెయ్యి ఆమె ముందు చాపాడు.

"చూడండమ్మా. ఇది మీ మీదికి దూకే పురుగు కాదు. నా కణమే ఒకటి 'చాలు' అన్న మాట వినలేదు, కోసి పారేశారు. వినని కణాల్ని వెతికి పట్టుకోవడమే మా అమ్మాయి పని. తనే పట్టుకుంది."

ఆమె ఆ మచ్చని వేలితో తాకి చూసింది. కళ్లజోడు తీసి వెనక్కి వాలింది.

"ఉపన్యాసం బాగుంది రాఘవయ్యగారూ. ఎండ పోతోంది, కానివ్వండి మరి."

ఆయన ఎడమ చేత్తో ఆమె గడ్డం ఎత్తిపట్టాడు. కుడి చేత్తో రంగు అద్దడం మొదలుపెట్టాడు. కళ్లు కారిపోతూనే ఉన్నాయి.

"నీ బిడ్డ ఏం సదువుతుంది సాబ్?" వెనకే వచ్చిన జంగయ్య మెల్లగా అడిగాడు.

"చర్మం," అన్నాడు వీరరాఘవయ్య, గేటు దాకా వినిపించేలా. "నా చర్మం చదివింది!"