రెండో బ్రేకు

పొద్దున్నే డైనింగ్ టేబులు కింద టక్కుమని చప్పుడైతే, పేపర్లో ఎక్కడో ఏ లారీయో బోల్తా పడిందని ఇల్లాలికి అర్థం. ఆమె భర్త ముప్ఫయ్యొక్కేళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పినవాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఊళ్ళో సగంమందిని రోడ్డెక్కించాడు. వాళ్ళంతా ఆయన్ని బ్రేకు మాస్టారనే పిలుస్తారు. మాస్టారు రిటైరై రెండేళ్ళయింది. కాలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పాలు పొంగబోతే టక్. టీవీలో ఎవరైనా మేడ అంచుదాకా పరిగెత్తితే టక్. ఇల్లాలు పుట్టింటివాళ్ళ మాటెత్తితే టక్, టక్.

ఆ రోజు పేపరు మడత విప్పకుండానే చప్పుడు మొదలైంది.

"నాన్నా, కారు కొనుక్కుంటున్నాను," అంది కూతురు.

టక్.

"పాతది."

టక్.

"నాకంటే పదహారేళ్ళు పెద్దది."

ఈసారి టేబులు అదిరి కాఫీ పేపరు మీదికి ఒలికింది.

కూతురిని ఇంట్లో చిట్టి అంటారు. ఇరవయ్యారేళ్ళది. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. ల్యాబు ఊరికి ఆ చివర, ఇల్లు ఈ చివర, మధ్యలో రెండు బస్సులు. రెండో బస్సులో సీటు దొరికిన రోజున ఇంటికొచ్చి ఆ సంగతి విశేషంగా చెప్పేది.

"కారు కొనొద్దని ఎవరన్నారు? చక్కగా కొత్తది తీసుకో," అన్నారు మాస్టారు, పేపరు దులుపుతూ.

"కొత్తదానికి ఐదేళ్ళు వాయిదాలు కట్టాలి నాన్నా. అవి తీరేసరికి అదీ పాతదే అవుతుంది. అదేదో ముందే పాతది కొనుక్కుంటే పోలా?"

ఇల్లాలికి నవ్వొచ్చింది. భర్త మొహం చూసి, స్టవ్వు వైపు తిరిగి నవ్వుకుంది.

"పోనీ, నాలుగేళ్ళు వాడింది చూడు. ఈ మ్యూజియం సరుకెందుకు?"

"ఆరు చూశాను. బానెట్ ఎత్తితే ఇంత ప్లాస్టిక్ మూత. కింద ఏముందో తెలియాలంటే కంప్యూటరు తగిలించాలిట. దీని బానెట్ ఎత్తితే పళ్ళసెట్టులా ఏది ఎక్కడుందో కనిపిస్తుంది. రెండు స్పానర్లుంటే విప్పి బిగించుకోవచ్చు. సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. నా దగ్గరున్న డబ్బుకి సరిపోతుంది. పైగా నాన్నా, దాని ముందు గ్రిల్లు చూడాలి మీరు. ఎంత చక్కటి పలువరుసో!"

"పలువరుస చూసి కారు కొనే మనిషిని నా సర్వీసులో చూళ్ళేదు."

"మీ దగ్గర నేర్చుకునుంటే చూసేవారు."

ఆ మాటతో వంటింట్లో గరిటె కూడా ఆగింది. చిట్టి డ్రైవింగు నేర్చుకున్నది ఎదురు వీధి స్కూల్లో. మొదట తండ్రి దగ్గరే మొదలుపెట్టింది. కుక్క కనిపిస్తే ఆయన బ్రేకు వేశారు. కుక్క ఉండగల సందు కనిపించినా వేశారు. నాలుగు రోజుల్లో బండి నాలుగు వీధులు దాటలేదు. ఐదో రోజున పిల్ల దిగి తలుపేసి, తిన్నగా వెళ్ళి పోటీ స్కూల్లో ఫీజు కట్టొచ్చింది. ఊరందరికీ నేర్పినవాడి కూతురికి ఇంకెవడో లైసెన్సు ఇప్పించాడన్నది మాస్టారి గుండెలో దిగిన మేకు. దాని మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"అయినా చూడ్డానికి డబ్బులడుగుతారా ఏమిటి," అని ఇల్లాలే మధ్యలోకొచ్చింది. "ఆదివారం ముగ్గురం వెళ్దాం."

కారుగల ఆవిడ రిటైరైన లెక్కల టీచరమ్మ. కారు లేత ఆకుపచ్చగా, గుండ్రటి వీపుతో, ఏదో విని ఆశ్చర్యపోయినట్టున్న హెడ్‌లైట్లతో షెడ్డులో నిలబడి ఉంది. అమ్మేది ఎవరో కొనేది ఎవరో అర్థంకాకుండా టీచరమ్మే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"చలికాలం పొద్దున్నే ఎలా స్టార్టు చేస్తావ్?"

"చోక్ లాగి, కాసేపాగి. తొందరపెట్టకుండా."

"వెనక బండివాడు హారన్ కొడుతుంటే?"

"కొట్టుకోనిస్తానండీ."

"పాస్," అంది టీచరమ్మ.

మాస్టారు మాత్రం జేబులోంచి అయస్కాంతం తీసి కారు చుట్టూ మోకాళ్ళ మీద తిరుగుతున్నారు. తుప్పు తినేసినచోట లప్పం పూసి రంగేస్తే అక్కడ అయస్కాంతం అతుక్కోదు. దాన్ని చూడగానే ఇల్లాలు గుర్తుపట్టింది.

"అందుకా, పొద్దుట్నించీ ఫ్రిజ్జు మీది పాల చీటీ నేలమీద దొర్లుతోంది!"

అయస్కాంతం తలుపులకి అతుక్కుంది. మడ్‌గార్డులకి అతుక్కుంది. అడుగున అతుక్కుంటే ఊడి రానంది. అతుక్కున్న కొద్దీ మాస్టారి మొహం వాడిపోయింది.

"బండి గట్టిదే," అన్నారు చివరికి, పరాయివాడి కొడుకుని మెచ్చుకున్నట్టు. "కదులుతుంది. ఆగడమే అనుమానం. అప్పటి బ్రేకులివి."

"బ్రేకులన్నీ గ్రీజు మావయ్య కొత్తవి వేస్తానన్నాడు. సీటు బెల్టులు కూడా. నాకు మీ దగ్గర ఒక్కటే కావాలి నాన్నా. మొదటి రోజు మీరు నా పక్కన కూర్చోవాలి."

టీచరమ్మ షెడ్డు గచ్చు మీద మాస్టారి కాలు టక్కుమంది.

గ్రీజు మావయ్య డ్రైవింగ్ స్కూలు బండ్లన్నీ బాగుచేసే మెకానిక్కు. చేతులు కడుక్కుంటే ఎవరూ గుర్తుపట్టరని ఆ పేరు. కారు అతని షెడ్డులో రెండు వారాలుంది. మాస్టారు రోజూ టంచనుగా వెళ్ళొచ్చేవారు. పిల్ల బండి దగ్గరుండి చేయిస్తున్నారు, మనసు కరిగినట్టే అని ఇల్లాలు మురిసిపోయింది. ఇరవయ్యెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి అంత తేలిగ్గా మురిసిపోకూడదు.

బండి తెచ్చుకునే రోజున చిట్టి తండ్రిని కూర్చోబెడదామని ఎడమ పక్క తలుపు తీసింది. తీసి, వంగి, అలాగే ఉండిపోయింది.

"ఏమిటిది?"

కింద, కాళ్ళు పెట్టుకునేచోట, నల్లటి రబ్బరు తొడుగుతో నిగనిగలాడుతూ రెండో బ్రేకు పెడల్ ఉంది.

"స్కూలు పాత బండిలోది," అన్నారు మాస్టారు గర్వంగా. "తెప్పించి మరీ పెట్టించాను."

గ్రీజు మావయ్య లేని పనేదో గుర్తుతెచ్చుకుని ఇంకో బండి కిందికి దూరాడు.

"నాన్నా, ఇది స్కూలు బండి కాదు. నా బండి. నా జీతంతో కొనుక్కున్న నా మొదటి బండి! ఇందులో కూడా మీ కాలేనా?"

"నీ మంచికేనే..."

"కాలేజీలో చేరేటప్పుడు బ్రేకు. ల్యాబులో చేరతానంటే బ్రేకు. ఇరవయ్యారేళ్ళొచ్చాయి, నేనెప్పుడాగాలో నాకు తెలీదా?"

"అది లేకపోతే నేనెక్కను."

"అయితే ఎక్కకండి!"

కారు షెడ్డులోనే ఉండిపోయింది. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. పెరుగు గిన్నె కావాలన్నా ఇల్లాలి ద్వారానే రాయబారం. "అమ్మా, నాన్నని ఫ్యాను తగ్గించమను." "మీ అమ్మాయితో చెప్పు, రెగ్యులేటరు దానివైపే ఉందని." ఆ రెండు రోజులూ టేబులు కింద చప్పుడు కూడా లేదు. ఇల్లాలికి అదే ఎక్కువ బెంగ పెట్టింది. ఆ కాలు ఊరుకోవడం ఆవిడ పెళ్ళయ్యాక ఎరగదు.

మూడో రోజు కూరల సంచీ పట్టుకుని బయల్దేరి, కూరలకి కాకుండా షెడ్డుకి వెళ్ళింది.

"తమ్ముడూ, ఆ రెండో బ్రేకు అసలు బ్రేకుని ఎలా లాగుతుంది?"

"రెండింటికీ మధ్య కేబులుంటుందక్కా. ఇక్కడ నొక్కితే అక్కడ దిగుతుంది."

"ఆ కేబులు పీకేస్తే?"

"ఉత్త పెడలే. స్ప్రింగు మీద ఊగుతుంది. అసలు బ్రేకుకేం కాదు." అప్పుడర్థమై గ్రీజు మావయ్య రెంచీ కిందపెట్టాడు. "అక్కా! మాస్టారికి తెలిస్తే నా తోలు తీస్తారు."

"తెలిస్తే కదా."

సాయంత్రం చిట్టికి చెవిలో చెప్పింది. పిల్ల రెండు రోజుల తరవాత మొదటిసారి నవ్వింది. "మా అమ్మ మామూలుది కాదు," అంది. పెడల్ ఉంచుకోవడానికి మీ అమ్మాయి ఒప్పుకుందని ఇల్లాలు మాస్టారికి గట్టిగా చెప్పింది. ఆయన "దారికొచ్చింది" అని పెరుగు రెండోసారి వేయించుకున్నారు.

ఆదివారం పొద్దున తండ్రి ముందు సీట్లో, తల్లి వెనక సీట్లో. చిట్టి చోక్ లాగి, కాసేపాగి, తాళం తిప్పింది. కారు దగ్గి, గొంతు సవరించుకుని, కదిలింది.

మొదటి మలుపులో సైకిలొకటి అడ్డమొచ్చింది. మాస్టారి కాలు దిగింది. కారు ఆగింది.

"చూశావా!" అన్నారాయన.

"థాంక్స్ నాన్నా," అంది చిట్టి, ఎంతో అణకువగా.

ఇల్లాలు చీరచెంగు నోట్లో కుక్కుకుంది. సంతలోంచి వస్తున్న తోపుడుబండి దగ్గర కాలు దిగింది, కారు ఆగింది. సిగ్నలు దగ్గర దిగింది, ఆగింది. పిల్లలు బంతి వెనకాల రోడ్డు మీదికొస్తే, బంతి కనిపించగానే ఆగింది. అక్కడ మాత్రం మాస్టారు "చూశావా" అనలేదు. ఆ తరవాత ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదు. కాలు మాత్రం దిగుతూనే ఉంది.

ఇంటికొచ్చాక ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"కేబులు ఎవరు పీకించారు?"

ఇల్లాలు గ్లాసులు సర్దడం మొదలుపెట్టింది. "ఏ కేబులండీ?"

"ముప్ఫయ్యొక్కేళ్ళు బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికాను. కింద ప్రాణం ఉందో లేదో నా పాదానికి తెలీదా? మొదటి మలుపులోనే తెలిసింది. అదీగాక అద్దంలో నువ్వు చెంగు నవుల్తూ కనిపించావ్."

"మరి తెలిసీ ఎందుకు నొక్కారు?"

మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పదిహేడు సార్లు నొక్కాను. పదిహేడు సార్లూ బండి ఆగింది. అంటే ఏమిటి? ప్రతిసారీ నా కాలు దిగేసరికి చిట్టి కాలు బ్రేకు మీదే ఉందన్నమాట. ఆ బంతి దగ్గరైతే..." ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు, మళ్ళీ తుడిచారు. "బంతి దగ్గర నాకంటే ముందే ఆపిందే. నేనింకా నొక్కనేలేదు."

ఇల్లాలు కాఫీ కలిపిచ్చింది. స్టవ్వు కట్టేసి అడిగింది, "అయితే ఆ పెడల్ తీయించేస్తారా?"

గది గుమ్మంలోంచి చిట్టి అందుకుంది. ఎప్పుడొచ్చి నిలబడిందో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వద్దమ్మా. అది లేకపోతే నాన్న కాలు ఎక్కడ పెట్టుకుంటారు?"

"కేబులు మాత్రం వద్దులే," అన్నారు మాస్టారు, కాఫీ గ్లాసులోకి చూస్తూ. "దండగ."

మర్నాడు పొద్దున చిట్టి మొదటిసారి ఒక్కతే ల్యాబుకి బయల్దేరింది. భార్యాభర్తలు గేటు దగ్గర నిలబడ్డారు. ఆకుపచ్చ కారు గుండ్రటి వీపు ఊపుకుంటూ వీధి చివరికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే సందులోంచి ఓ ఆటో విసురుగా ముక్కు బయటపెట్టింది.

సిమెంటు మీద టక్కుమని చప్పుడైంది.

కారు నెమ్మదిగా ఆగింది, ఆటోని పోనిచ్చింది, మలుపు తిరిగి కనుమరుగైంది.

"ఇంక ఆ కాలికి రిటైర్మెంటు ఇవ్వరాదుటండీ," అంటూ ఇల్లాలు భర్త పాదాల వంక చూసింది. చెప్పుల్లో రెండూ బుద్ధిగా, కదలకుండా ఉన్నాయి. ఆయన నవ్వాపుకుంటూ ఆవిడ కుడికాలి వంక చూస్తున్నారు. అది ఇంకా సిమెంటుని గట్టిగా అదిమిపెట్టే ఉంది.