మణికట్టు దాకా చేతులు

"అత్తయ్యా, నా కొత్త జాకెట్లకి చేతులు మణికట్టు దాకా పెట్టరూ!" అంది కోడలు, తలెత్తకుండా.

కుట్టు మిషను తొక్కుతున్న అత్తగారి కాలు టక్కున ఆగిపోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వచ్చినవాళ్ళంతా పొట్టి చేతులు చాలంటుంటే ఈ పిల్లకి పొడుగు చేతులేమిటి? ముప్పై ఏళ్ళుగా పదిమంది కొలతలు తీసి బతికిన మనిషి ఆమె. టేపు పట్టుకుని కోడలి చెయ్యి పైకెత్తితే, కప్పుకున్న కొంగు జారింది. మణికట్టు పైన నాలుగు వేళ్ళ గుర్తులు, నల్లగా కమిలిపోయి! పెళ్ళయిన కొత్తలో మండుటెండల్లో తనూ అలాంటి చేతులే కుట్టుకుంది మరి! ఎందుకో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"మావాడేనా?"

"ఒంట్లో బాగాలేదు, వద్దన్నానత్తయ్యా... వినలేదు. ఎప్పుడూ వినరు! పెళ్ళయ్యాక వద్దనే హక్కు నీకెక్కడిదంటారు..." కోడలు భోరుమంది. "మొన్న మీ గదిలో పడుకుంటానని వస్తే, మొగుడూ పెళ్ళాల మధ్య ఇవి మామూలే, సర్దుకో అని మీరే కదా వెనక్కి పంపారు!"

అయ్యో! ఒకనాడు తన అత్తగారు తనతో అన్న మాటనే, పొల్లుపోకుండా తనూ అప్పజెప్పింది! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కానీ చచ్చి సాధించేదేముంది? కళ్ళు తుడుచుకుని లేచింది. కోడల్ని అడిగి, సరేనన్నాక వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, గాయాలన్నీ కాగితం మీద రాయించింది.

మధ్యాహ్నం తన మెకానిక్ షెడ్డు నుంచి భోజనానికి వచ్చిన కొడుకు ముందు కంచం బదులు సంచీ పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"నీ బట్టలు. ఇవాళ్టి నుంచి నీ పడక షెడ్డులోనే. డాక్టరమ్మ కౌన్సెలింగుకి చీటీ రాసిచ్చింది, అదీ అందులోనే ఉంది."

"నా పెళ్ళాం, నా ఇష్టం! నాన్న మాత్రం నిన్ను అడిగేవాడా? నువ్వెప్పుడైనా నోరెత్తావా?"

"లేదురా! అదే నేను చేసిన పాపం! గోడవతల నా ఏడుపు వింటూ పెరిగి, కాపురమంటే అదేననుకున్నావు. అది కాపురం కాదురా, అత్యాచారం! నోరు మూసుకుని నీకు నేర్పింది నేనే... ఇప్పుడు నోరు తెరిచి మాన్పించేదీ నేనే! ఆ పిల్ల పోలీసుల దగ్గరికి వెళ్తానంటే, సాక్ష్యం చెప్పేదీ నేనే!"

కొడుకు ముఖం పాలిపోయింది. వాడు పుట్టి బుద్ధెరిగి తల్లి గొంతు ఇంత గట్టిగా వినలేదు.

"మరి... ఎప్పుడు రమ్మంటావమ్మా?"

"నన్నడుగుతావేంరా? దాన్నడుగు!"

వాడు భార్య వైపు తిరిగి, అలవాటు కొద్దీ చెయ్యి పట్టుకోబోయాడు.

"వద్దు!" అంది కోడలు. ఈసారి చూపు దించలేదు. "ఎప్పుడో నాకే తెలీదు. అసలు రమ్మంటానో లేదో కూడా తెలీదు."

అత్తగారు ఒక్క ఉదుటున వాళ్ళ మధ్యకి రాబోయింది. ఆ అవసరం లేకపోయింది. చాచిన చెయ్యి చాచినట్టే ఆగిపోయింది... వాడు దాన్ని మెల్లగా వెనక్కి తీసుకుని, సంచీ అందుకుని, మెట్లు దిగిపోయాడు.