అమ్మ మీటల ఫోను

పొద్దున్నే పొంగుతున్న పాలు దించబోయి అమ్మ అలాగే గోడవారగా జారిపోయింది. పక్క గదిలో కంప్యూటర్ ముందున్న కూతురు చప్పుడు విని పరిగెత్తింది. బస్సు డ్రైవరైన కొడుకు డ్యూటీకి బయల్దేరుతున్నవాడల్లా తల్లిని ఎత్తుకుని వీధి చివరి క్లినిక్‌కు తీసుకెళ్లాడు.

డాక్టరు బీపీ చూసి, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగింది. నాలుగు రోజులుగా లేదని అమ్మ తాపీగా చెప్పింది.

"మోగితే వేసుకోమంది మా అమ్మాయి. మోగలేదు."

చిన్న మీటల ఫోన్లలో వేళకు మోగి మాత్రలు గుర్తుచేసే ప్రోగ్రామ్ రాయడం కూతురి పని. ఆ ఫోన్లలో చోటు బహు తక్కువ, ఒకటి పెట్టాలంటే ఇంకోటి తీయాలి. కంప్యూటర్ తెర మీద అచ్చం ఆ ఫోనులాగే నడిచే ఎమ్యులేటర్‌లో నెల రోజులు ఒక్క పూట తప్పకుండా మోగింది. ఆ ధైర్యంతోనే వారం కిందట అమ్మ ఫోనులో ఎక్కించింది. మాత్రల వేళలు రాసి ఫ్రిజ్ మీద అంటించిన కాగితం కూడా ఇక అక్కర్లేదని చింపేసింది.

అమ్మను ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక అన్నయ్య గొంతు తగ్గించే అడిగాడు.

"నీ పరీక్షలకి అమ్మే దొరికిందా?"

"ఎమ్యులేటర్‌లో బాగానే మోగింది అన్నయ్యా."

"అందులో బీపీ ఉన్నవాళ్లు ఎవరున్నారు?"

ఫోను పాతదని, మార్చుదామంటే అమ్మే వద్దందని ఆమె ఏవేవో చెప్పింది. అతను అంతా విని, ఒకే ఇంట్లో ఉంటూ మాత్ర వేసుకున్నావా అని అమ్మను ఒక్కసారైనా అడిగావా అన్నాడు. తనూ అడగలేదని తనే ఒప్పుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆమె అమ్మ ఫోను తీసి చూసింది. మెమరీ నిండిపోయింది. తర్వాతి వేళ రాసి పెట్టుకోవడానికి చోటు దొరక్క ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఎమ్యులేటర్‌లోని ఫోను ఎప్పుడూ ఖాళీయే కాబట్టి ఈ లోపం బయటపడలేదు. నింపేసినవి మెసేజీలు, ఐదు వందల పైచిలుకు. అన్నీ తను పంపినవే. 'ఆలస్యమవుతుంది, తినేయి.' 'పనుంది, నువ్వు పడుకో.' పక్క గదిలోంచి పంపినవీ ఉన్నాయి: 'మీటింగ్‌లో ఉన్నా, పిలవకు.'

"ఇవన్నీ ఎందుకు దాచావమ్మా?"

"నువ్వు నాతో మాట్లాడేది అందులోనేగా. తీసేస్తే ఇంకేం మిగులుతాయి?"

నిష్ఠూరంగా అనలేదు అమ్మ. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

వాటిని తుడిచేయడం నిమిషం పని. ఆమె తుడవలేదు. కంప్యూటర్ తెచ్చుకుని అమ్మ మంచం పక్కనే కూర్చుంది. ఎమ్యులేటర్‌ను ఐదు వందల మెసేజీలతో నింపితే అదీ మూగబోయింది. అప్పుడు చోటు మిగల్చడానికి ప్రోగ్రామ్‌లోంచి ముచ్చటపడి పెట్టుకున్న బొమ్మలూ పాటలూ ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మాత్రనూ నీళ్లనూ తనే అందించింది. అమ్మ మింగి, "నువ్వేమైనా తిన్నావా?" అని అడిగింది. లేదని తల అడ్డంగా ఊపి, అమ్మ భుజంలో ముఖం దాచుకుంది.

సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి తల్లీకూతుళ్లు తింటున్నారు. తప్పు తనదేనంది చెల్లెలు. అతను తనకూ ఒక కంచం తెచ్చుకుని వాళ్ల పక్కన కూర్చున్నాడు.