సారయ్య యాదిల కచేరీ

ఆ ఆదివారం సాయంత్రం ఐదింటికే నేను హన్మకొండలోని హాలుకు వెళ్లి తబలా శ్రుతి చేసుకుంటున్నాను. ఆరింటికి కచేరీ. మట్టెవాడ బట్టల దుకాణాలవాళ్లు కొందరు కలిసి పెట్టించారు. సుదర్శన్ గారి బాన్సురీ వేణువు, నా తబలా. స్టేజి మీద ఒక పక్కన నా గురువు సారయ్య ఫోటో, దానికి బంతిపూల దండ. ఆయన పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది.

సారయ్య కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మగ్గం దిగి తబలా ముందు కూర్చుంటే వేళ్లకింకా నూలు దుమ్ము ఉండేది. నాకు పన్నెండేళ్లు నేర్పాడు. ఆ రోజు నేను వాయించబోయేది ఆయన తబలా జోడీనే. ఆయన భార్య మొగిలమ్మ పొద్దున ఆటోలో తెచ్చి ఇచ్చింది.

"ఇయ్యాల దీని మీదనే కొట్టు, బిడ్డా. ఏడాదాయె, దీని మీద ఒక్క దెబ్బ పడక," అంది.

నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

"ఓంకారన్నా, జర కొట్టుడు ఆపు. ఫ్లూట్ మైకు చూస్త," అని సౌండ్ పెట్టే రాకేష్ హాలు వెనక నుంచి అరిచాడు.

నా చేతులు అప్పుడు ఒళ్లో ఉన్నాయి. స్పీకర్లలోంచి మాత్రం చప్పుడు వస్తూనే ఉంది. టక్... టక్... టక్... తోలు మీది దెబ్బ కాదు. రేకు మీద వేళ్లతో కొట్టినట్టు.

"వైరు లూజున్నట్టుంది," అన్నాను. ఆ చప్పుడు నాకు తెలుసు.

ఆరు దాటాక సుదర్శన్ మైకు అందుకున్నాడు. తెల్లటి కుర్తా, భుజం మీద శాలువా.

"సారయ్యన్న నాకు తోడబుట్టినోని లెక్క. ఆ రోజు మరిపెడల పెండ్లి ప్రోగ్రాం చేసుకొని వస్తున్నం. బండి ఆయనే నడుపుతుండె. అన్నా, స్పీడు తగ్గించు, తగ్గించు అని ఎంత చెప్పినా వినలే..." అని కళ్లు ఒత్తుకున్నాడు.

హాలంతా అయ్యో అంది. ముందు వరసలో మొగిలమ్మ మాత్రం కదల్లేదు. ఆమె నా చేతులనే చూస్తోంది.

ఆయన చెప్పింది అబద్ధం. బండి నడిపింది సుదర్శన్. తాగి నడిపాడు. వర్ధన్నపేట ఇంకా రాకముందే కారు రోడ్డు దిగి మిరపచేలో బోల్తా పడింది. సారయ్య బయటికి ఎగిరిపడ్డాడు. ఆయన ఛాతీ మీద కారు. ఊపిరి అందక, మాట రాక, చేతికి అందిన డోరు రేకు మీద వేళ్లతో కొట్టాడు. పైన రోడ్డు మీద లారీలు పోతున్నాయి. చెయ్యెత్తితే ఆగేవి.

"ఇప్పుడు పిలిస్తే నా నోటి వాసన పసిగడతరు. జర ఆగు," అన్నాడు సుదర్శన్. "నువ్వు ఈ బండిల లేవు, ఓంకార్. నిన్ను పుణెల పెద్ద కచేరీ స్టేజి ఎక్కిచ్చేది నా జిమ్మ."

వెనక సీట్లో కూర్చుని వచ్చింది నేనే. నేను ఆగాను. ఆ చప్పుడు నెమ్మదించి, నెమ్మదించి... ఆగిపోయేదాకా ఆగాను. తర్వాత పక్క ఊరిదాకా నడిచి బస్సెక్కాను.

బాన్సురీ మొదలైంది. మార్వా రాగం. పొద్దుగుంకే వేళ పాడేది, ఎక్కడా నిలకడ దొరకనివ్వనిది. కిటికీల్లో వెలుగు పోయింది. అగరొత్తుల వాసనలో ఇంకేదో కలిసింది... పెట్రోలు. పచ్చి మిరపచెట్లు నలిగిన ఘాటు.

నేను తబలా అందుకున్నాను. కాసేపు బాగానే నడిచింది. బాన్సురీ ఎటు పోతే తబలా అటు పోవాలి. వేగం ఆయన పెంచితేనే నేను పెంచాలి. కానీ నా చేతులు ముందుకు పోయాయి.

ఆపబోయాను. ఆగలేదు. మోచేతుల దాకా చల్లబడిపోయాయి. మణికట్టు కింద ఉన్నవి నా వేళ్లు కావు. ఆ దెబ్బ సారయ్యది. చూపుడువేలు కాస్త వంచి కొట్టే ఆ దెబ్బ... నాకు ఎన్నడూ పట్టుబడనిది.

సుదర్శన్ నా వైపు చూశాడు. రెండు స్వరాల మధ్య గుసగుసగా అన్నాడు.

"తగ్గించు."

"నేను కాదు సార్..."

లయ రెట్టింపయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. బాన్సురీ తీసేయాలని చూశాడు. రాలేదు. పెదవి దానికి అతుక్కుపోయి సాగింది. ఆయన వేళ్లు మాత్రం పరుగెత్తుతున్నాయి.

మళ్లీ రెట్టింపు.

ఎవరో ఈల వేశారు. "వాహ్!" అన్నారు. రాకేష్ దూరం నుంచి రెండు చేతులూ ఊపుతున్నాడు, ఆపమని. సుదర్శన్ కళ్లు ఎర్రబడ్డాయి. మొహం నల్లబడింది. ఊపిరి పీల్చుకునే సందు లేదు... స్వరం పోయింది... ఉత్త గాలి... తర్వాత గాలి కూడా లేదు.

ముందు వరసలో మొగిలమ్మ మోకాలి మీద తాళం వేస్తోంది. ఒక్క మాత్ర తప్పకుండా.

ఆఖరి దెబ్బ పడింది. నా చేతులు ఆగాయి. సుదర్శన్ ముందుకు ఒరిగి, తల నేలకు ఆనించి ఉండిపోయాడు. నమస్కారం చేస్తున్నాడనుకుని జనమంతా లేచి నిలబడ్డారు. చాలాసేపు చప్పట్లు కొట్టారు.

గుండె ఆగిందన్నారు దవాఖానలో.

రెండు రోజులు నేను ఇంట్లోంచి కదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ధైర్యం వచ్చి కాదు, భయపడి. సారయ్య యాక్సిడెంటు కేసు వివరం చెప్పి, ఆ రోజు బండిలో ముగ్గురం ఉన్నామని, అంతా రాసిస్తానని అన్నాను.

అక్కడున్న హెడ్ కానిస్టేబుల్ విసుగ్గా కాగితాలు తిరగేశాడు.

"మళ్ల ఏం రాసిస్తవు? పొద్దుగాల ఒక పెద్దాయన వచ్చి అంతా చెప్పిండు గద. నీ పేరు సుత చెప్పిండు. పాపం, ఊపిరి తీసుకోనీకె శానా తిప్పల పడ్డడు."

"ఆయన... ఎటు పోయిండు సార్?"

"యాడికి పోలే. నువ్వొస్తవని, నిన్ను తోలుకపోతనని కూసున్నడు."

ఆయన పెన్ను ఎత్తి నా వెనక ఉన్న బెంచీ వైపు చూపించాడు.